వానకి చిక్కిన న్యూకాజిల్

ఫిబ్రవరి 5 దగ్గరపడుతుంటే నాకు ఓ పిచ్చి పట్టుకుంటుందని ఈ అనుబంధం డెస్కులో అందరికీ తెలుసు. టీ తాగే దగ్గర, లిఫ్టు దగ్గర, జీతాల గురించి మాట్లాడుకునే దగ్గర కూడా హెరిఫర్డ్ అనే ఊరి పేరు ఎత్తకుండా ఉండలేను. ఏళ్ల తరబడి ఓర్చుకున్న ఇన్‌ఛార్జి ఈసారి మంగళవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఆ మ్యాచ్ సంగతేదో ఒక్కసారి రాసి పడేయండి మాస్టారూ, మా చెవులకి విశ్రాంతి. గురువారం సాయంత్రానికి కావాలి. కాస్త చరిత్ర కూడా ఉండాలి, ఊరికే మ్యాచ్ రిపోర్టు కాకుండా." చరిత్ర అడిగాడు గనక ముందు ఆ బాకీ తీర్చేస్తాను. ఏడొందల ఏళ్లు కాస్త వేగంగా నడుద్దాం, దారిలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ గురించి దొరికే తొలి కబుర్లలో ఒకటి నిషేధం. 1314లో లండన్ మేయరు రాజుగారి పేరు మీద ఓ ఉత్తర్వు వేశాడు: పొలాల్లో పెద్ద బంతులు తన్నుకుంటూ ఊళ్లో గోల చేస్తే జైలే. ఆ తర్వాతి రాజులూ అదే పాట పాడారు, విలువిద్య మానేసి కుర్రాళ్లు బంతుల వెంట పడుతున్నారని. ఒకే ఆటను తరతరాలుగా నిషేధించాల్సి వచ్చిందంటే జనం ఏం చేస్తున్నారో చెప్పకనే తెలుస్తోంది. అప్పట్లో ఆటగాడు వేరు, చూసేవాడు వేరు కాదు. ఊరికి ఊరే ఆడేది. డెర్బీషైర్‌లోని ఆష్‌బోర్న్ అనే ఊళ్లో ఆ ఆట ఇప్పటికీ ఏడాదికోసారి జరుగుతుంది. వాగుకి ఇవతల పుట్టినవాళ్లు ఒక జట్టు, అవతల పుట్టినవాళ్లు ఇంకో జట్టు. ఒక గోలుకీ ఇంకో గోలుకీ మధ్య దూరం మూడు మైళ్లు. మన దేవరగట్టు కర్రల సమరం చూసినవాళ్లకి ఇంతకన్నా వివరించనక్కర్లేదు. దెబ్బలు తగిలించుకోవడం, మళ్లీ ఏడాది అందరికన్నా ముందు వచ్చి నిలబడటం.

మధ్యలో అయిదొందల ఏళ్లు వదిలేస్తున్నాను. 1850లో వచ్చిన ఒక చట్టం దగ్గర మాత్రం ఆగాలి. నేత మిల్లుల్లో శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా పని ఆపాలని ఆ చట్టం చెప్పింది. చరిత్ర పుస్తకాల్లో దీన్ని కార్మిక సంస్కరణ అంటారు. నా లెక్కలో మాత్రం ఫుట్‌బాల్ అభిమాని అనే ప్రాణి పుట్టిన ముహూర్తం అది. రెండింటికి మిల్లు గేటు తెరుచుకుంటే మూడింటికి మైదానం దగ్గర ఉండొచ్చు. ఇంగ్లండులో శనివారం మూడు గంటలు అనే మాటకి ఇప్పటికీ ఉన్న పవిత్రత అక్కడినుంచి వచ్చిందే.

1863లో లండన్‌లోని ఓ సారా హోటల్లో కూచుని పెద్దమనుషులు ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టారు. 1871లో పోటీకి ఓ కప్పు పెట్టారు. పేరు పెట్టడంలో పెద్దగా బుర్ర పెట్టలేదు, ఎఫ్.ఏ. కప్పు అన్నారు. మొదటి ఏడాది చేరినవి 15 జట్లు. 1872 మార్చి 16న జరిగిన ఫైనల్‌కి వచ్చిన జనం దాదాపు రెండు వేలు. చదువుకున్నవాళ్లు, సైన్యంలో అధికారులు, తమలో తాము ఆడుకుని తమలో తాము చప్పట్లు కొట్టుకున్నారు. పదకొండేళ్లకి ఆ సరదా తీరిపోయింది. 1883 ఫైనల్లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే ఉత్తరాది జట్టు, నేతపని వాళ్లు, ఇనప ఫౌండ్రీ వాళ్లు, ఒక ప్లంబరు కలిసిన జట్టు, ఈటన్ బడి పూర్వ విద్యార్థుల్ని 2-1తో ఓడించింది. పెద్దమనుషుల జట్టేదీ ఆ కప్పు మళ్లీ ముట్టుకోలేదు. మరుసటేడు బ్లాక్‌బర్న్ నుంచి ఇంకో జట్టు ఫైనల్‌కి వచ్చినప్పుడు వెంట వచ్చిన అభిమానుల్ని చూసి ఓ లండన్ పత్రిక వాళ్ల బట్టల్నీ భాషనీ వెక్కిరిస్తూ ఏదో అడవి దండు దిగినట్టు రాసింది. అభిమానుల గురించి పత్రికలవాళ్లు ఇలా రాయడం అప్పుడు మొదలైంది, ఇంకా ఆగలేదు.

బక్కజట్టు బలిసినజట్టుని పడగొడితే ఇంగ్లండువాళ్లు దాన్ని రాక్షస సంహారం అంటారు. మన పురాణాల్లో రాక్షసుణ్ని చంపాలంటే దేవుడే అవతారమెత్తి దిగిరావాలి. వాళ్లకి వడ్రంగి చాలు. ఆ వడ్రంగి దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ సంహారాల్ని జనం ఎలా తెలుసుకునేవారన్నది వేరే కథ, నాకు చాలా ఇష్టమైన కథ. శనివారం సాయంత్రం ఆట ముగిసిన గంటకల్లా గులాబీ రంగు కాగితం మీదో ఆకుపచ్చ కాగితం మీదో ఫలితాలు అచ్చేసి వీధుల్లో అమ్మేవాళ్లు. షెఫీల్డ్‌లో 1907లో మొదలైన ఆకుపచ్చ పత్రిక వందేళ్లు దాటి బతికింది. 1927 జనవరిలో రేడియోలో తొలి మ్యాచ్ వ్యాఖ్యానం వచ్చింది. వినేవాళ్లకి బంతి ఎక్కడుందో తెలియడానికి మైదానాన్ని గళ్లుగా గీసి పత్రికలో ముందే వేశారు. అన్నిటికన్నా పెద్దది పూల్స్ అనే పందెం. 1923లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం బయట కాగితాలు పంచడంతో మొదలై దేశమంతా పాకింది. వచ్చే శనివారం ఏ మ్యాచ్‌లు సమానంగా ముగుస్తాయో గీతలు పెట్టి పోస్టులో పంపాలి. ఈ జూదం వల్ల తనకి ఏ సంబంధమూ లేని ఊళ్లో ఏ సంబంధమూ లేని జట్టు ఓడిపోతే లివర్‌పూల్‌లో ఓ ఇంటావిడ నెత్తీ నోరూ కొట్టుకునేది.

రేడియోలో ఫలితాలు చదివే పని దాదాపు 40 ఏళ్లు చేసినవాడు జేమ్స్ అలెగ్జాండర్ గార్డన్. మొదటి జట్టు పేరూ గోలూ చదివి, రెండో జట్టు పేరు ఎత్తుకునేసరికి గొంతు లేచిందా దిగిందా అన్నదాన్నిబట్టి జనానికి ఫలితం తెలిసిపోయేది. అంకె వినక్కర్లేదు. ఇంట్లో అందరూ ఆ అరక్షణంలో పందెం కాసేవారు. టీవీలో ఫలితాలు టైపయ్యే యంత్రం ఇంకో వింత. ఎవరైనా ఏడు గోలులు కొడితే అంకె పక్కనే ఏడు అని అక్షరాల్లోనూ వేసేది. లేకపోతే అచ్చుతప్పు అనుకుంటారని.

1933లో వాల్‌సాల్ చేతిలో ఆర్సెనల్ 2-0తో ఓడినప్పుడు ఎంతమంది అచ్చుతప్పు అనుకుని ఉంటారో. అది మూడో డివిజన్ జట్టు. పెనాల్టీకి కారణమైన తన ఆటగాడు టామీ బ్లాక్‌ని ఆర్సెనల్ మేనేజరు చాప్‌మన్ వారం తిరక్కుండా ఇంకో క్లబ్బుకి అమ్మేశాడు. 1949లో యోవిల్ అనే చిన్న ఊరి జట్టు, లీగులో చోటు కూడా లేని జట్టు, సండర్లాండుని 2-1తో ఓడించింది. వాళ్ల మైదానం ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వాలుగా ఉండేది. ఇంటాయనకి తెలిసిన ఎత్తుపల్లాలు చుట్టానికి ఎలా తెలుస్తాయి. తర్వాతి రౌండులో అదే యోవిల్ మాంచెస్టర్ యునైటెడ్‌తో 8-0తో ఓడింది. చూసిన జనం 81 వేల పైమాటే. ఆ తర్వాత 23 ఏళ్లు లీగు బయటి జట్టేదీ మొదటి డివిజన్ జట్టుని కప్పులో ఓడించలేకపోయింది.

ఇక చరిత్ర చాలు. హెరిఫర్డ్ వెళ్దాం.

వేల్స్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న చిన్న నగరం. అప్పట్లో జనాభా అరలక్షకి లోపే. ఆపిల్ తోటలు, ఆపిల్ సారా, ఎర్రని ఒంటికి తెల్లని మొహం ఉన్న గొడ్లు. ఆ జాతి పేరే హెరిఫర్డ్. మనకి ఒంగోలు గిత్త ఎంతో వాళ్లకి ఆ ఎద్దు అంత. క్లబ్బు గుర్తు మీద అదే ఉంటుంది, పెద్ద మ్యాచ్‌లకి ముందు అసలు ఎద్దునే మైదానం చుట్టూ తిప్పుతారు, సంక్రాంతికి మనం తిప్పినట్టు. ఊళ్లో పెద్ద చర్చి ఉంది. అందులో 1300 ప్రాంతంలో తోలు మీద గీసిన ప్రపంచపటం ఉంది. ఆ పటంలో భారతదేశం వైపు ఒంటికాలి మనిషి ఒకడుంటాడు, వెల్లకిలా పడుకుని తన పెద్ద పాదాన్నే గొడుగులా పట్టుకుని. మనల్ని గురించి హెరిఫర్డ్ వాళ్లకి తెలిసిన తొలి సంగతి మనకో భారీ పాదం ఉందని. ఫుట్‌బాల్‌కి పనికొచ్చే లక్షణమే.

1972లో హెరిఫర్డ్ యునైటెడ్ సదరన్ లీగులో ఆడేది. అంటే దేశంలోని నాలుగు డివిజన్లకీ బయట. ఆటగాళ్లలో చాలామందికి పగలు వేరే ఉద్యోగాలు. మేనేజరు కోలిన్ ఆడిసన్ తనే బూట్లు తొడుక్కుని ఆడేవాడు. డడ్లీ టైలర్ చిన్నప్పుడు గుండె ఆపరేషన్ చేయించుకున్నవాడు. మధ్యలో ఆడే రోనీ రాడ్‌ఫర్డ్ వడ్రంగి. కప్పు మూడో రౌండు చీటీల్లో వాళ్లకి న్యూకాజిల్ యునైటెడ్ తగిలింది. అప్పటికి ఆరుసార్లు కప్పు గెలిచిన జట్టు, మూడేళ్ల కిందట యూరప్‌లో ఓ ట్రోఫీ ఎత్తిన జట్టు. దాని నడిమధ్య మాల్కమ్ మెక్‌డొనాల్డ్. కిందటి వేసవిలో లక్షా ఎనభై వేల పౌన్లు పోసి కొన్నారు. బంతి కనపడితే గోలు కొట్టడం తప్ప ఇంకో ఆలోచన లేని మనిషి.

జనవరి 15న న్యూకాజిల్‌లో ఆడాల్సింది. వానకి వాయిదా పడింది. 24న ఆడారు. హెరిఫర్డ్ నుంచి వేలమంది అభిమానులు దేశాన్ని మూలనుంచి మూలకి దాటి వెళ్లారు. వెళ్లినవాళ్లు ఇంకా సరిగ్గా సర్దుకుని నిలబడనే లేదు, అరనిమిషం గడవకముందే బ్రయన్ ఓవెన్ గోలు కొట్టేశాడు. మెక్‌డొనాల్డ్ పెనాల్టీతో సమం చేశాడు, టుడర్ ఇంకోటి కొట్టాడు. లోకం తీరు మళ్లీ దారిలో పడింది అనుకుంటుండగా మేనేజరు ఆడిసన్ దూరంనుంచి ఒక్కటి తన్నాడు. 2-2. అప్పటి నియమం ప్రకారం సమానమైతే అక్కడితో తేల్చరు. ఇంకో రోజు, రెండో జట్టు మైదానంలో మళ్లీ ఆడాలి. రీప్లే అంటారు. అంటే మొదటి డివిజన్ మహారాజులు ఇప్పుడు హెరిఫర్డ్‌లోని ఎడ్గర్ స్ట్రీట్ మైదానానికి రావాలి.

వచ్చారు. కానీ ఆడటానికి వీల్లేకపోయింది. వాన. ఒకసారి వాయిదా. మళ్లీ వాన, మళ్లీ వాయిదా. న్యూకాజిల్ ఆటగాళ్లు దగ్గర్లో ఓ హోటల్లో దిగారు, పండక్కొచ్చి తుపానుకి చిక్కిన కొత్తల్లుళ్లలాగా. మర్యాదలన్నీ అయిపోయాయి, ఊళ్లో చూసేవన్నీ చూసేశారు, వెంట తెచ్చుకున్న బట్టలూ అయిపోయాయి. రోజూ పొద్దున్నే మైదానం వైపు చూడటం, చెరువులా ఉందని వినడం. ఇవతల ఊళ్లో మాత్రం రోజు రోజుకీ జ్వరం పెరిగింది. రొట్టెల కొట్టు దగ్గర, బడి దగ్గర, గొడ్ల సంతలో అదే మాట. నన్నడిగితే ఆ మ్యాచ్‌ని సగం గెలిపించింది ఈ వాయిదాలే. ఒక చిన్న ఊరికి తను గెలవొచ్చు అని నమ్మడానికి పది రోజులు దొరికాయి.

మూడో రౌండు రీప్లే చివరికి నాలుగో రౌండు జరిగే రోజున జరిగింది. ఫిబ్రవరి 5, శనివారం. గెలిచినవాళ్లు బుధవారం వెస్ట్ హామ్‌తో ఆడాలని అప్పటికే తేలిపోయింది. గేటు లెక్క ప్రకారం లోపలున్నది 14,313 మంది. ఈ లెక్కలో చెట్లెక్కినవాళ్లు లేరు. ఫ్లడ్‌లైటు స్తంభాలెక్కినవాళ్లు కూడా లేరు. ఆనాటి బొమ్మల్లో కొమ్మకి నలుగురు చొప్పున గబ్బిలాల్లా కనిపిస్తారు. మైదానం సంగతి చెప్పాలంటే, మన కృష్ణా జిల్లా రైతు చూస్తే దమ్ము బాగా పట్టింది, ఇక నాటేయొచ్చు అనేవాడు.

బీబీసీ ఆ మ్యాచ్‌కి ఓ కుర్రవాణ్ని పంపింది. పేరు జాన్ మోట్సన్, వయసు 26, ఉద్యోగం ఇంకా గట్టిపడలేదు. ఆ రాత్రి కార్యక్రమంలో చివర్న ఓ నాలుగు నిమిషాలు చూపించి వదిలేసే మ్యాచ్ అని, పెద్దవాళ్లు పెద్ద మ్యాచ్‌లకి వెళ్లారు.

ఆట గురించి చెప్పాలంటే మొదటి ఎనభై నిమిషాలు న్యూకాజిల్ గోలు కొట్టకపోవడమే వింత. బంతి బారుకి తగిలింది, గోల్‌కీపర్ ఫ్రెడ్ పాటర్‌కి తగిలింది, బురదలో ఆగింది. హెరిఫర్డ్ కుడి వైపు బ్యాక్ రోజర్ గ్రిఫిత్స్ కాలి ఎముక విరిగింది. ఆ విరిగిన కాలితోనే చాలాసేపు ఆడాడు. ఆఖర్లో ఆయన్ని తీసేసి రికీ జార్జ్ అనే సబ్‌స్టిట్యూట్‌ని దించారు. ఈ జార్జ్ ముందురోజు రాత్రి హోటల్ బారు దగ్గర కనబడితే న్యూకాజిల్ పాత హీరో జాకీ మిల్బర్న్, అప్పటికి పత్రికలకి రాస్తున్నాడు, ఈ వేళప్పుడు ఇక్కడేం పని, పోయి పడుకో అని మందలించాడట. జార్జ్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్న కథ ఇది.

82వ నిమిషం. బస్బీ పక్కనుంచి బంతి లేపాడు, మెక్‌డొనాల్డ్ తలతో కొట్టాడు. 1-0. చెట్ల మీద నిశ్శబ్దం. అందరికీ తెలిసిన ముగింపే కదా అని జనం నిట్టూర్చారు. ఎనిమిది నిమిషాలున్నాయి, కాని కొంతమంది మనసులో ఇళ్లకి బయల్దేరిపోయారు.

మూడు నాలుగు నిమిషాల తర్వాత మధ్యలో బంతి కోసం ఇద్దరు ముగ్గురు బురదలో పెనుగులాడుతున్నారు. వడ్రంగి రాడ్‌ఫర్డ్ దాన్ని లాక్కుని ఓవెన్‌కి ఇచ్చాడు, ఓవెన్ తిరిగి ఇచ్చాడు. ఆ బురదనేల మీద బంతి ఎలా పడినా చచ్చినట్టు అక్కడే ఉండాలి. ఎందుకో ఈసారి ఓ గడ్డ మీద పడి సరిగ్గా కాలికి అందేంత ఎత్తు లేచింది. గోలుకి ముప్పై గజాల దూరం. రాడ్‌ఫర్డ్ ఆలోచించలేదు. తన్నాడు. బంతి గోల్‌కీపర్ మెక్‌ఫాల్ చేతికి అందని పైమూలలో వలకి కొట్టుకుంది. రాడ్‌ఫర్డ్ రెండు చేతులూ చాపి పరిగెత్తాడు. గోడలు, తాళ్లు, పోలీసులు ఎవరూ ఆపలేకపోయారు, టోపీలున్న పొడుగు కోట్ల పిల్లలు వందల కొద్దీ మైదానంలోకి దూకారు.

ఆ దృశ్యం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ గోలు కన్నా పిల్లల్నే చూస్తాను. వాళ్లలో ఒకడు కాలు జారి పడి, లేచి, ఎటు పరిగెత్తాలో తెలియక గుండ్రంగా పరిగెడతాడు. ఆనందానికి దిక్కేమిటో వాడికి తెలియదు. ఇంగ్లండు అభిమానుల గురించి ఎవరు ఎంత లావు పుస్తకం రాసినా నాకు వాడు చాలు.

ఎక్స్‌ట్రా టైములో 103వ నిమిషాన బంతి రికీ జార్జ్ దగ్గరికి వచ్చింది. నిన్న రాత్రి త్వరగా పడుకోమన్న మాట విన్నాడో లేదో కాని, గోలుకి వీపు తిప్పి ఉన్నవాడు గిర్రున తిరిగి, న్యూకాజిల్ కెప్టెన్ మంకర్‌ని దాటించి దూరపు మూలకి నేలబారుగా కొట్టాడు. 2-1. మళ్లీ కోట్ల పిల్లలు. మళ్లీ వాళ్లని అవతలికి తోలడం. ఆట ముగిసిన ఈల తర్వాత ఇక తోలేవాళ్లే లేరు.

ఆ రాత్రి చివర్న రావాల్సిన మ్యాచ్ బీబీసీలో మొట్టమొదట వచ్చింది. మోట్సన్ ఉద్యోగం గట్టిపడింది, ఎంత గట్టిగా అంటే తర్వాత నాలుగు దశాబ్దాల పైన ఆయన గొంతే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ గొంతు. రాడ్‌ఫర్డ్ గోలు ఆ ఏటి మేటి గోలుగా ఎంపికైంది. బుధవారం వెస్ట్ హామ్‌ని కూడా హెరిఫర్డ్ 0-0తో ఆపింది. ఫిబ్రవరి 14న లండన్‌లో రీప్లే. గని కార్మికుల సమ్మె వల్ల కరెంటు కోతలు, ఫ్లడ్‌లైట్లు వెయ్యడానికి వీల్లేదు, అందుకని సోమవారం మధ్యాహ్నమే ఆడారు. పనిదినం పట్టపగలు 42,271 మంది వచ్చారు. ఎంతమంది అమ్మమ్మలు ఆ రోజు మరోసారి చనిపోయారో లండన్ ఆఫీసుల సెలవుచీటీలు చెప్పాలి. జెఫ్ హర్స్ట్ మూడు గోలులు కొట్టాడు, 3-1తో కథ ముగిసింది.

ఆ వేసవిలో లీగు క్లబ్బులు ఓట్లేసుకుని బారో అనే జట్టుని బయటికి పంపి హెరిఫర్డ్‌కి చోటిచ్చాయి. మొదటిసారి 26-26, రెండోసారి 29-20. వర్షంలో ఆడిన ఒక మ్యాచ్ లేకపోతే ఆ ఓట్లు పడేవా అన్నది బారో వాళ్లని అడగాలి. నాలుగేళ్లలో హెరిఫర్డ్ రెండో డివిజన్ దాకా ఎక్కింది. ఒక్క ఏడాది ఉండి అట్టడుగున దిగింది.

ఇక్కడినుంచి నా కథ దారం తెగుతుంది. ఇంతవరకు మైదానం, బురద, జనం ఒకే చోట ఉన్నాయి గనక చెప్పడం తేలికైంది. తర్వాత అన్నీ తలో దిక్కు.

1985లో బ్రాడ్‌ఫర్డ్ మైదానంలో మంటలంటుకుని 56 మంది పోయారు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో తొక్కిసలాటలో లివర్‌పూల్ అభిమానులు 97 మంది పోయారు. తప్పు వాళ్లదే అని ముందు నిందించారు. కాదని ఒప్పించడానికి వాళ్ల కుటుంబాలకి దశాబ్దాలు పట్టింది. ఆ తర్వాత పెద్ద మైదానాల్లో నిలబడి చూసే గట్లు పోయి కుర్చీలొచ్చాయి, కుర్చీల వెనకాల టిక్కెట్టు ధరలొచ్చాయి. 1992లో ప్రీమియర్ లీగు, చందా టీవీ. శనివారం మూడింటి మ్యాచ్ ఆదివారానికి, సోమవారానికి, శుక్రవారానికి చెదిరిపోయింది. శనివారం మూడింటికే మిగిలిన మ్యాచ్‌లని ఇంగ్లండులో టీవీలో ప్రత్యక్షంగా చూపించకూడదన్న పాత కట్టుబాటు ఇంకా ఉంది, జనం చిన్న మైదానాలకి వెళ్లడం మానేస్తారని. దాంతో ఓ విచిత్రం. మైదానానికి రెండు వీధుల అవతల ఉన్నవాడు చూడలేని మ్యాచ్ మన అమీర్‌పేట హాస్టల్లో కుర్రాడు రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్లో చూస్తాడు. ఈ హైదరాబాదే ఒకప్పుడు ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఊరు. ఆయన తయారుచేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇప్పుడు ఆ గల్లీల్లో ఆర్సెనల్ చొక్కాలు తిరుగుతున్నాయి. తిరగనివ్వండి, నాకేం బాధ లేదు. కాస్త ఉంది.

వారాంతపు సంచలనాలు తగ్గాయా అంటే అదీ లేదు. 2015 జనవరి 24, కప్పు నాలుగో రౌండు. ప్రీమియర్ లీగులో అగ్రస్థానంలో ఉన్న చెల్సీ సొంత మైదానంలో 2-0 ఆధిక్యంలో ఉండి, మూడో అంచె జట్టు బ్రాడ్‌ఫర్డ్ చేతిలో 4-2తో ఓడింది. అదే మధ్యాహ్నం రెండో స్థానంలోని మాంచెస్టర్ సిటీ మిడిల్స్‌బరోతో 2-0తో ఓడింది. టాటెన్‌హామ్ ఓడింది, సౌతాంప్టన్ ఓడింది. చెల్సీ మేనేజరు మొరిన్హో, మామూలుగా ఓటమి అంటే గిట్టని మనిషి, బ్రాడ్‌ఫర్డ్ వాళ్ల గదికి వెళ్లి ఒక్కొక్కరికీ చేయి కలిపి వచ్చాడు. మంటల్ని చూసిన ఊరి జనం వేలల్లో ఆ రోజు లండన్‌లో ఉన్నారు.

2020 అక్టోబరు 4, ఆదివారం ఇంకా ఘోరం. టాటెన్‌హామ్ చేతిలో మాంచెస్టర్ యునైటెడ్ 6-1తో ఓడిన రాత్రే, ఛాంపియన్ లివర్‌పూల్‌ని ఆస్టన్ విల్లా 7-2తో కొట్టింది. మన టైములో రాత్రి తొమ్మిదికి మొదలై అర్ధరాత్రి దాటి ముగిసింది. యునైటెడ్ భక్తుడైన మా మేనల్లుడు పదకొండింటికి ఫోన్ చేసి ఏడుపు గొంతుతో "ఇక జెర్సీ అలమరాలో పెట్టేస్తున్నా మావయ్యా" అన్నాడు. ఒంటిగంటన్నరకి మళ్లీ చేశాడు. ఈసారి పకపకా నవ్వు. "లివర్‌పూల్ సంగతి చూశావా?" తన దుఃఖం కన్నా పక్కవాడి దుఃఖం పెద్దదైతే నిద్ర బాగా పడుతుంది. ఇది వాడు ఇంగ్లండు వెళ్లకుండానే పట్టేసిన ఇంగ్లండు అభిమాని లక్షణం. కాని ఆ రెండు మైదానాల్లోనూ ఆ రోజు ఒక్క ప్రేక్షకుడు లేడు. కరోనా. పదహారు గోలులు ఖాళీ కుర్చీల ముందు పడ్డాయి.

హెరిఫర్డ్ యునైటెడ్ అప్పులపాలై 2014 డిసెంబరు 19న కోర్టు ఉత్తర్వుతో మూతపడింది. అభిమానులు కొత్త క్లబ్బు పెట్టుకున్నారు, అదే మైదానం, అదే ఎద్దు. చాలా కింద అంచెనుంచి మొదలుపెట్టి మొదటి ఏడాదే, 2016లో, చిన్న జట్ల కప్పు ఫైనల్‌కి వెంబ్లీ చేరింది. రెండో నిమిషంలోనే గోలు కూడా కొట్టింది. తర్వాత 4-1తో ఓడింది. ఓడించిన జట్టు మోర్పెత్. మ్యాపు తీసి చూడండి, న్యూకాజిల్‌కి కూతవేటు దూరం. నలభై నాలుగేళ్ల బాకీ పక్కింటివాడు తీర్చాడు.

రాడ్‌ఫర్డ్ 2022 నవంబరులో పోయాడు. మోట్సన్ మూడు నెలలు తిరిగాక, 2023 ఫిబ్రవరిలో. ఇద్దరూ జీవితాంతం ఆ ఒక్క తన్ను గురించే అడిగించుకున్నారు, విసుక్కోలేదంటారు.

2024-25 నుంచి ఎఫ్.ఏ. కప్పు మొదటి రౌండు మొదలుకుని రీప్లేలు ఎత్తేశారు. పెద్ద క్లబ్బులకి మ్యాచ్‌లు ఎక్కువైపోయాయట, ఆటగాళ్లు అలిసిపోతున్నారట. చిన్న క్లబ్బులు మొత్తుకున్నాయి, 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌తో 0-0గా ఆడి తెచ్చుకున్న రీప్లే డబ్బుతో ఎక్సెటర్ అప్పులు తీర్చుకున్న సంగతి గుర్తుచేశాయి. ఎవరూ వినలేదు. ఇప్పుడు మ్యాచ్ సమానమైతే అప్పటికప్పుడు అక్కడే ఎక్స్‌ట్రా టైము, ఆపైన పెనాల్టీలు. ఈ నియమం 1972లో ఉంటే జనవరి 24 రాత్రే న్యూకాజిల్‌లో అంతా తేలిపోయేది. ఎడ్గర్ స్ట్రీట్‌లో ఆ శనివారం మ్యాచే ఉండేది కాదు.